ఫుట్‌బాల్ లీగ్‌లో ఖర్చుకి పరిమితి పెడితే అమలు చేసేదెలా?

బ్రాడీపేట_4/14 (గుంటూరు)

గుంటూరు, విజయవాడ, తెనాలి, మంగళగిరి చుట్టుపక్కల నుంచి ఎనిమిది జట్లతో ఒక లీగ్ పెట్టాలని చూస్తున్నారు. ఆటగాళ్లకి డబ్బులుంటాయి, స్పాన్సర్లుంటారు. ఇద్దరు రియల్ ఎస్టేట్ వాళ్లు దిగారంటే మిగతా ఆరు జట్లూ సగం సీజన్‌కే చేతులెత్తేస్తాయన్నది కమిటీ భయం. అందుకని ఖర్చుకి కళ్లెం వెయ్యాలంటున్నారు. రూల్స్ ముసాయిదా నేను రాస్తున్నాను. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌ని చూసి "మూడేళ్లలో ఇంతకి మించి నష్టం రాకూడదు" అని ఒక వాక్యం పెట్టాను గానీ నాకే నమ్మకం కుదరట్లేదు.

అసలు అక్కడి 105 మిలియన్ పౌండ్ల నష్టం హద్దు లెక్క ఎలా వేస్తారు? ఒక్క వేసవిలో 200 మిలియన్లు పోసిన క్లబ్ హాయిగా ఉంటుంది, అంతకన్నా తక్కువ కొన్నది దొరికిపోతుంది. ఆ హద్దు దాటిందని ఎవర్టన్ క్లబ్‌కి 10 పాయింట్లు కోసి మళ్లీ 6 చేశారు, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి 4. ఈ అంకెలు ఎక్కణ్ణించి వచ్చాయి? మనలాంటి చిన్న లీగ్‌లో ఎవరు పట్టుకోవాలి, ఎప్పుడు పట్టుకోవాలి? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి. "డబ్బున్నోడిదే రాజ్యం" టైపు జవాబులు వద్దు, దానికి టీ కొట్టు ఉంది.


గవర్నర్‌పేట_ఆడిటరు (విజయవాడ)

ముందు ఆ మూడేళ్ల నష్టం వాక్యం కొట్టెయ్యండి. ఎందుకో లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

ప్రీమియర్ లీగ్‌లో 2025-26 దాకా ఉన్న పీఎస్‌ఆర్ (లాభనష్టాల హద్దు) రూల్ చూసేది ఖర్చుని కాదండీ, నష్టాన్ని. వరసగా మూడు సీజన్ల ఖాతాలు తీసుకుని, పన్నుకి ముందు లాభనష్టాలు కూడతారు. అకాడమీ మీద పెట్టింది, మహిళల జట్టు మీద పెట్టింది, ఊళ్లో చేసే సేవా కార్యక్రమాలు, స్టేడియం లాంటి ఆస్తుల తరుగుదల, ఇవన్నీ నష్టంలోంచి తీసేస్తారు. మిగిలింది 105 మిలియన్లు, అంటే పదిన్నర కోట్ల పౌండ్లు దాటకూడదు. ఇందులోనూ మెలిక ఉంది. 15 మిలియన్ల దాకానే క్లబ్ తన నష్టంగా మొయ్యగలదు. ఆ పైన 90కి యజమాని మూలధనం తెచ్చి పెట్టాలి. అప్పుగా ఇస్తానంటే చెల్లదు.

ఏడాదికి 35 చొప్పున 105. ఆ మూడింటిలో ఏ సీజనైనా కింది డివిజన్‌లో, అంటే ఛాంపియన్‌షిప్‌లో ఆడి ఉంటే దానికి 35 బదులు 13 మాత్రమే. ఫారెస్ట్ రెండు సీజన్లు కింద, ఒకటి పైన. 13, 13, 35 కలిపితే 61. వాళ్ల నష్టం 95.5 తేలింది. అంటే 34.5 మిలియన్లు దాటారు. ఎవర్టన్ మొత్తం పైనే ఉంది కాబట్టి వాళ్ల హద్దు 105, నష్టం 124.5, దాటింది 19.5. ఎవర్టన్ నష్టం పెద్దది, ఫారెస్ట్ తప్పు పెద్దది. పేపర్లలో హెడ్డింగులు చూసినవాళ్లకి ఇది తిరగబడి కనిపిస్తుంది.

ఇక 200 మిలియన్ల మర్మం. ఆటగాణ్ణి 60 మిలియన్లకి ఐదేళ్ల కాంట్రాక్టుతో కొంటే, ఆ 60 ఆ ఏడాది ఖర్చులో పడదు. అతని రిజిస్ట్రేషన్ ఒక ఆస్తి. లారీ కొని తరుగుదల రాసుకున్నట్టే కాంట్రాక్టు కాలం మీద పంచుతారు, ఏడాదికి 12. ఏజెంటు కమిషన్ కూడా కొన్న ధరలోనే కలుస్తుంది. జీతం మాత్రం ఏ ఏడాదిది ఆ ఏడాదే: వారానికి లక్ష పౌండ్లంటే ఏడాదికి 5.2 మిలియన్లు. మూడేళ్లయ్యాక పుస్తకాల్లో అతని విలువ 24. అప్పుడు 40కి అమ్మితే 16 లాభం, మొత్తం ఆ ఏడాదే. కొన్నది ఐదు ముక్కలవుతుంది, అమ్మింది ఒకేసారి పడుతుంది. తెలివితేటలన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

చాలామంది ఇక్కడో పొరపాటు పడతారు. ట్రాన్స్‌ఫర్ ఫీజు మూడు వాయిదాల్లో కట్టినా, మొత్తం ఒకేసారి రొక్కం ఇచ్చినా ఈ లెక్క మారదు. వాయిదాలు బ్యాంకు ఖాతాకి ఊపిరి, పీఎస్‌ఆర్‌కి కాదు.

కాంట్రాక్టు ఎంత పొడుగైతే ఏటా పడే ముక్క అంత చిన్నది. చెల్సీ 2023 జనవరి ఆఖర్లో ఎంజో ఫెర్నాండెజ్‌ని దాదాపు 106.8 మిలియన్లకి ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్టుతో కొన్నది. ఏడాదికి పన్నెండున్నర. అదే ఐదేళ్లకయితే 21 పైన. ఆ దారి తర్వాత మూసేశారు. యూఈఎఫ్‌ఏ (యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య) 2023 వేసవిలో, ప్రీమియర్ లీగ్ అదే డిసెంబర్‌లో, కొత్త కొనుగోళ్లకి ఐదేళ్లే గరిష్ఠం అన్నాయి. కాంట్రాక్టు పదేళ్లు రాసుకోండి, లెక్క మాత్రం ఐదేళ్లకే. పాత ఒప్పందాల జోలికి పోలేదు.

సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడికి కొన్న ధర ఉండదు కాబట్టి పుస్తకాల్లో విలువ సున్నా. అమ్మిన ప్రతి పౌండూ లాభమే. జట్టుకి ప్రాణం లాంటి లోకల్ కుర్రాణ్ణి ముందు అమ్మి, బయట కొన్నవాణ్ణి ఉంచుకోవడం అందుకే. నష్టాన్ని అరికట్టడానికి పెట్టిన రూల్ సొంత పిల్లల్నే ముందు బజారుకి తోలుతోంది.

మీ లీగ్‌లో ఆస్తులుగా రాసుకునే ఆటగాళ్లుండరు, మూడేళ్ల ఆడిట్ ఖాతాలుండవు, మూడేళ్ల తర్వాత జట్టే ఉంటుందో లేదో. అలాంటి చోట నష్టం మీద రూల్ పెట్టి ఏం పట్టుకుంటారు?


కృష్ణలంక_లెఫ్ట్‌బ్యాక్ (విజయవాడ)

ఆడిటరు గారి లెక్కకి వంక లేదు. నాకు మాత్రం ఆ రూల్ చచ్చుబడింది లెక్క దగ్గర కాదు, తేదీ దగ్గర అనిపిస్తుంది.

ఎవర్టన్ మొదటి కేసు 2021-22తో ముగిసిన కాలానిది. అభియోగం 2023 మార్చిలో. తీర్పు 2023 నవంబర్ 17న. అప్పీలు 2024 ఫిబ్రవరి 26న. ఇప్పుడు పాయింట్ల పట్టికలు పక్కన పెట్టుకోండి. 2021-22లో ఎవర్టన్‌కి 39, కిందకి పడిపోయిన బర్న్‌లీకి 35. అప్పీలు తర్వాత మిగిలిన 6 పాయింట్ల కోతే ఆ సీజన్‌లో పడి ఉంటే ఎవర్టన్ 33తో కిందకి, బర్న్‌లీ పైన. 2022-23లో పడి ఉంటే 36 లోంచి 6 పోయి 30, అప్పుడు 34తో దిగిపోయిన లెస్టర్ బతికేది. కోత పడింది 2023-24లో. ఆ ఏడాది ఎవర్టన్ మైదానంలో 48 సంపాదించింది. రెండు కేసులకీ కలిపి 8 (మొదటిదానికి 6, రెండోదానికి 2) పోయినా 40తో 15వ స్థానం. ఫారెస్ట్ 4 పోగొట్టుకుని 32. కింద లూటన్ 26. అంటే మూడు కోతలు పడి కూడా ఎవడూ వాటివల్ల కింది డివిజన్‌కి పోలేదు. శిక్ష పడ్డవాడికి నొప్పి లేదు, నష్టపోయినవాడికి న్యాయం లేదు.

అందుకే 2023-24 నుంచి గడియారం బిగించారు. ఖాతాలు డిసెంబర్ 31లోపు ఇవ్వాలి, తేడా ఉంటే 14 రోజుల్లో అభియోగం, అదే సీజన్‌లో తీర్పు. ఫారెస్ట్ తీర్పు 2024 మార్చి 18, ఎవర్టన్ రెండోది ఏప్రిల్ 8. అప్పటికి సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు మిగిలాయని? ఏ జట్టు ఎన్ని పాయింట్లతో ఉందో తెలియకుండానే నెలల తరబడి ఆడారు.

అంకెలు ఎక్కణ్ణించి అన్నారు కదా. సూటిగా చెప్పాలంటే రూల్ పుస్తకంలో శిక్షల పట్టికే లేదు. ఎవర్టన్ విషయంలో లీగ్ ఒక సూత్రం పట్టుకొచ్చింది: 6 పాయింట్లతో మొదలు, దాటిన ప్రతి 5 మిలియన్లకీ ఇంకొకటి. ఇది నిబంధనల్లో రాసి లేదుగా అని విచారణ జరిపిన స్వతంత్ర కమిషన్ ఒప్పుకోలేదు, సొంతంగా ఆలోచించి 10 వేసింది. అప్పీల్లో ఎవర్టన్ తొమ్మిది కారణాలు పెడితే రెండు నిలబడ్డాయి. ఒకటి, క్లబ్ చిత్తశుద్ధి లేకుండా నడుచుకుందన్న మాట కమిషన్ అనకూడనిది. రెండు, కింది డివిజన్లలో ఇలాంటి తప్పులకి ఎంత వేస్తున్నారో పోల్చి చూడలేదు. దాంతో 6 అయ్యింది. ఫారెస్ట్ కమిషన్ కొంచెం పద్ధతిగా వెళ్లింది. దాటినందుకు 3, బాగా దాటినందుకు ఇంకో 3, తప్పు వెంటనే ఒప్పుకుని సహకరించినందుకు 2 మాఫీ.

ఫారెస్ట్ వాదన ముచ్చటైనది. బ్రెనన్ జాన్సన్ వాళ్ల అకాడమీ కుర్రాడు. 2023 సెప్టెంబర్ 1న టాటెన్‌హామ్‌కి 47.5 మిలియన్లకి అమ్మారు. అంతా శుద్ధ లాభం. కానీ పుస్తకాలు జూన్ 30న మూతపడ్డాయి. జూన్‌లో తక్కువకి తెగనమ్మే బదులు రెండు నెలలు ఆగి ఎక్కువకి అమ్మాం, క్లబ్‌కి మంచే కదా అన్నారు. వ్యాపారిగా చూస్తే నిజమే. గడువు గడువే అంది కమిషన్. ఇక్కడ నేను కమిషన్ పక్షమే. ఒకసారి "రెండు నెలలేగా" అంటే వచ్చే ఏడు ఆరు నెలలు అడుగుతారు.

లెస్టర్ ఇంకా విచిత్రం. 24 మిలియన్లు దాటారని లీగ్ కేసు పెట్టింది. 2024 సెప్టెంబర్‌లో అప్పీల్ బోర్డు కేసే చెల్లదంది. కారణం, వాళ్ల ఖాతా ఏడాది ముగిసింది 2023 జూన్ 30న, ఆ లోపే కింది డివిజన్‌కి మారి ప్రీమియర్ లీగ్ సభ్యత్వం వదిలేశారు. తప్పు చేశారా లేదా అన్నదాకా విచారణ పోనేలేదు. డ్రాఫ్ట్ రాసేవాళ్లు రాత్రిపూట చదువుకోవాల్సిన తీర్పు అది.


బ్రాడీపేట_4/14 (గుంటూరు)

ఇద్దరికీ థాంక్సండీ. అయితే శిక్షల పట్టిక ముందే రాయాలి, సీజన్ అయ్యాక చూస్తాం అంటే కుదరదు. అర్థమైంది. మా అసలు తలనొప్పి ఇంకోటి. ఒక జట్టు యజమాని తన వెంచర్ పేరే చొక్కా మీద వేసుకుని పది లక్షల స్పాన్సర్‌షిప్ వచ్చిందంటాడు. ఒక జేబులోంచి ఇంకో జేబులోకి. దాన్నేం చేస్తారు?


మిర్చియార్డ్_గుమాస్తా (గుంటూరు)

మన భాషలో చెప్తాను. మార్చి 31న ఇద్దరు వ్యాపారులు కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిర్చి టిక్కీలు (బస్తాలు) ఒకరివి ఒకరికి రెట్టింపు రేటుకి అమ్ముకున్నారనుకోండి. సరుకు కదలదు, కాయితం మారుతుంది, ఇద్దరి పుస్తకాల్లోనూ లాభం. అయితే మిర్చికి యార్డులో రోజూ రేటు పడుతుంది కాబట్టి ఆడిటరు పట్టేస్తాడు. పంతొమ్మిదేళ్ల లెఫ్ట్‌బ్యాక్‌కి యార్డు రేటేది?

2024 జూన్ ఆఖరి వారంలో ఇంగ్లండ్‌లో జరిగింది ఇదే. చెల్సీ ఇయాన్ మాట్సెన్‌ని సుమారు 37.5 మిలియన్లకి ఆస్టన్ విల్లాకి అమ్మింది, విల్లా ఒమారి కెల్లీమన్‌ని సుమారు 19కి చెల్సీకి అమ్మింది. విల్లా, ఎవర్టన్ మధ్య ఇరోగ్‌బునం, డాబిన్ అటూ ఇటూ మారారు. న్యూకాజిల్ ఎలియట్ ఆండర్సన్‌ని ఫారెస్ట్‌కి ఇచ్చి అక్కణ్ణించి గోల్‌కీపర్‌ని తెచ్చుకుంది. అన్నీ జూన్ 30 లోపే. ఇవి తప్పని ఏ కమిషనూ అనలేదు, నేనూ అనట్లేదు. లెక్క మాత్రం చూడండి. రెండు క్లబ్బులు చెరో అకాడమీ కుర్రాణ్ణి 20కి మార్చుకుంటే చెరొకరికీ ఈ ఏడు 20 లాభం, వచ్చే ఐదేళ్లూ ఏడాదికి 4 ఖర్చు. ఈ ఏడు పండగ, తర్వాత ఐదేళ్లు వాయిదాలు. వచ్చే జూన్‌కి మళ్లీ ఇంకో జత కావాలి.

ధర అబద్ధమని రుజువు చెయ్యడం ఎంత కష్టమో ఇటలీలో తెలిసింది. యువెంటస్ మీద ఆటగాళ్ల ధరలు ఉబ్బించారన్న కేసు 2022లో కొట్టేశారు, ఆటగాడి విలువ ఇంత అని తేల్చే పద్ధతే లేదన్న కారణంతో. టూరిన్ ప్రాసిక్యూటర్లు ఫోన్ సంభాషణలు, కాయితాలు పట్టుకున్నాకే మళ్లీ తెరిచి 2023 జనవరిలో 15 పాయింట్లు కోశారు. అదీ వెనక్కి పోయి మేలో 10 అయ్యింది. పట్టించింది ధర కాదు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్న మాటలు.

ఆటగాళ్లు సరిపోకపోతే గోడలు అమ్ముతారు. ఇంగ్లండ్‌లో డర్బీ కౌంటీ 2018లో స్టేడియాన్ని సొంత యజమానికే 81.1 మిలియన్లకి అమ్మింది. షెఫీల్డ్ వెన్స్‌డే కూడా 60కి అదే పని చేసి, ఆ అమ్మకాన్ని జరగని ఏడాదిలో రాసుకుంది. 12 పాయింట్లు పడ్డాయి, అప్పీల్లో 6 అయ్యాయి, అయినా ఆ సీజన్‌లో కిందకి పోయింది. కింది డివిజన్ల లీగ్ ఆ దారి మూసింది. ప్రీమియర్ లీగ్ 2024లో ప్రయత్నించినా మూయలేదు, ఎందుకంటే అక్కడ రూల్ మారాలంటే 20లో 14 ఓట్లు కావాలి, అవి రాలేదు. చెల్సీ రెండు హోటళ్లు 76.5కి, తర్వాత మహిళల జట్టు దాదాపు 200కి సొంత గ్రూపు కంపెనీలకే అమ్ముకుంది. అదే పుస్తకం యూఈఎఫ్‌ఏ దగ్గరికి వెళ్తే ఆ లాభాన్ని లెక్కలోకి రానివ్వలేదు. 2025 జూలైలో చెల్సీకి 31 మిలియన్ యూరోల జరిమానా పడింది. ఒకే క్లబ్, అవే ఖాతాలు, ఒక చోట పాసు, ఒక చోట ఫెయిలు.

మీ వెంచర్ చొక్కా సంగతి. దీనికి వాళ్లు 2021 డిసెంబర్‌లో రూల్ పెట్టారు. యజమానికి సంబంధించిన కంపెనీ డబ్బిస్తే, బయటివాడు అదే చొక్కాకి ఎంతిస్తాడో అంతే లెక్కలోకి వస్తుంది. పోల్చడానికి అన్ని క్లబ్బుల ఒప్పందాలూ లీగ్ దగ్గరుంటాయి. కానీ ఆ రూల్‌లో యజమాని ఇచ్చే వడ్డీలేని అప్పుల్ని వదిలేశారు. మాంచెస్టర్ సిటీ సవాలు చేస్తే 2024లో ట్రిబ్యునల్ అది చట్టవిరుద్ధమంది, నవంబర్‌లో సవరించాల్సి వచ్చింది. మీరూ స్పాన్సర్‌షిప్ ఒక్కటే రాసి చేబదులు వదిలేస్తే డబ్బంతా చేబదులుగానే వస్తుంది.


లక్ష్మీపురం_లెడ్జర్ (గుంటూరు)

పై ముగ్గురూ చెప్పింది పోస్ట్‌మార్టం. లా లిగా చూడండి, అక్కడ ముందే నాడి పడతారు.

స్పెయిన్‌లో 2013 నుంచి ప్రతి క్లబ్‌కీ జట్టు ఖర్చు పరిమితి ముందే ఖాయమవుతుంది. రాబోయే సీజన్‌కి వచ్చే ఆదాయం, అందులోంచి ఆటకి సంబంధం లేని ఖర్చులు తీసెయ్, కట్టాల్సిన అప్పు తీసెయ్, మిగిలిందే ఆటగాళ్లకి. జీతాలు, బోనస్‌లు, ఏజెంట్ల కమిషన్, కొన్న ధరలో ఆ ఏటి ముక్క, అన్నీ ఆ మిగిలినదాంట్లోనే ఇమడాలి. ఇమడకపోతే పాయింట్ల కోత ఉండదు, జరిమానా ఉండదు. కొత్త ఆటగాడి పేరు రిజిస్టర్ కాదు, అంతే. 2021 ఆగస్టులో మెస్సీ బార్సిలోనాని వదలాల్సి వచ్చింది ఇందుకే. క్లబ్‌కి ఇష్టమే, ఆటగాడికి ఇష్టమే, లెక్క ఒప్పుకోలేదు.

దీనికీ సందులున్నాయి. 2022లో బార్సిలోనా తన టీవీ హక్కుల్లో 25 శాతం 25 ఏళ్లకి అమ్మి ఆ ఏటి ఆదాయం పెంచుకుంది. డానీ ఓల్మోని 2024లో ఇంకో ఆటగాడి గాయం వల్ల దొరికిన వెసులుబాటుతో డిసెంబర్ 31 దాకా రిజిస్టర్ చేశారు. గడువు తీరాక లీగ్, సమాఖ్య రెండూ కుదరదన్నాయి. 2025 జనవరిలో ప్రభుత్వ క్రీడా మండలి తాత్కాలిక ఉత్తర్వు ఇస్తే ఆడాడు. గేటు గట్టిగానే ఉంది, గోడ దూకించే నిచ్చెన బయట దొరికింది.

ఆదాయంలో శాతమా, అందరికీ ఒకే అంకెనా అన్నది కూడా తేల్చుకోండి. యూఈఎఫ్‌ఏ శాతం పద్ధతి: జీతాలు, కొనుగోలు ముక్కలు, ఏజెంట్లు కలిపి ఆదాయంలో 90 శాతంతో మొదలుపెట్టి 80కి, 2025-26కి 70కి దించింది. ప్రీమియర్ లీగ్ కూడా 2025 నవంబర్‌లో ఓటేసి 2026-27 నుంచి పీఎస్‌ఆర్ బదులు 85 శాతం పద్ధతికి మారాలని తీర్మానించింది. ఈసారి బుద్ధి తెచ్చుకుని శిక్ష ముందే రాశారు: 85కి పైన పెట్టిన ఇంకో హద్దు దాటితే 6 పాయింట్లు, ఆ పైన ప్రతి 6.5 మిలియన్లకీ ఒకటి. అట్టడుగు క్లబ్ ఆదాయానికి ముడిపెట్టి అందరికీ ఒకే పైకప్పు వేద్దామన్న ప్రతిపాదన మాత్రం అదే రోజు ఓడిపోయింది. శాతం పద్ధతిలో పెద్దవాడు పెద్దవాడిగానే ఉంటాడు. మీ లీగ్‌కి ఇంకా ఆదాయమే లేదు, శాతం దేనిమీద వేస్తారు? ఒకే అంకె పెట్టండి.

అయితే ఆ అంకె ఆటగాళ్లకి చెప్పకుండా పెట్టకండి. ఇంగ్లండ్ మూడు, నాలుగు డివిజన్లలో 2020 ఆగస్టులో జీతాల పైకప్పు పెట్టారు, 2.5 మిలియన్లు, 1.5 మిలియన్లు. ఆటగాళ్ల సంఘాన్ని సరిగ్గా సంప్రదించలేదని మధ్యవర్తి తీర్పు రావడంతో 2021 ఫిబ్రవరిలో ఎత్తేశారు. ఒక్క సీజన్ కూడా నిండలేదు.

ఇంకోటి, మన పక్కనే ఉంది కాబట్టి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. తర్వాత జీతాల బకాయిలతో ఫిఫా కొత్త ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. 2025కి క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. ఎక్కువ ఖర్చు పెట్టడం కంటే ఒప్పుకున్నది ఇవ్వకపోవడం మన దగ్గర పెద్ద జబ్బు. ఫిఫా మందు సూటిగా ఉంటుంది: తీర్పు వచ్చాక 45 రోజుల్లో కట్టు, కట్టకపోతే గరిష్ఠంగా మూడు ట్రాన్స్‌ఫర్ విండోల దాకా కొత్త పేర్లు తీసుకోం. రెండు నెలల జీతం ఆగితే ఆటగాడు 15 రోజుల నోటీసిచ్చి కాంట్రాక్టు తెంచుకోవచ్చు. మీ పరిమితి కంటే ముందు ఈ రెండూ రాయండి.


గవర్నర్‌పేట_ఆడిటరు (విజయవాడ)

లెడ్జర్ గారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. ఇక పని చేసే ముసాయిదా. అంకెలు ఉదాహరణకి, మీ కమిటీ మార్చుకోవచ్చు.

జట్టుకి 18 మంది, సీజన్ మొత్తానికి జట్టు ఖర్చు 8 లక్షలు. ఇందులో ఏమేం వస్తాయో విడమరిచి రాయండి: నెల జీతం, మ్యాచ్ ఫీజు, సంతకం డబ్బు, గెలుపు బోనస్, మధ్యవర్తి కమిషన్, కోచ్ జీతం. వస్తువు రూపంలో ఇచ్చేది కూడా. పటమటలో గది అద్దెకి తీసిస్తే ఆ అద్దె, బైక్ ఇస్తే దాని ధర. ఇది రాయకపోతే ఎనిమిది లక్షలు కాయితం మీదే ఉంటాయి. లెక్కలోకి రానివి: గ్రౌండ్ అద్దె, బీమా, జూనియర్ల కోచింగ్, అమ్మాయిల జట్టు. ఇవి బయట పెడితే వాటి మీద ఖర్చు పెట్టడానికి ఎవరూ వెనకాడరు.

రిజిస్ట్రేషన్ దగ్గరే గేటు. ఆటగాడి ఫారంతో పాటు కాంట్రాక్టు నకలు, బ్యాంకు ఖాతా నంబరు, ఆటగాడి సంతకంతో ఒక హామీ: ఇందులో రాసింది తప్ప ఇంకేమీ పుచ్చుకోవట్లేదు అని. లీగ్ ఒక షీటులో కూడుకుంటూ పోతుంది. పన్నెండో ఆటగాడికే ఏడున్నర లక్షలైతే పదమూడో ఫారం తీసుకునేటప్పుడే యాభై వేలే మిగిలాయని చెప్పాలి. దాటించే ఫారాన్ని వెనక్కి ఇచ్చెయ్యాలి. బోనస్ ఎలా లెక్కేస్తారని అడుగుతారు. గరిష్ఠంగా ఎంత రావచ్చో అంతా ముందే కలపండి. గెలిస్తేనే కదా అనే వాదన వినకండి.

పరిమితిలో ఐదో వంతు, 1,60,000, మొదటి మ్యాచ్‌కి పది రోజుల ముందు లీగ్ ఖాతాలో డిపాజిట్. జీతం ఏడు రోజులు ఆలస్యమైతే లీగే అందులోంచి కట్టేస్తుంది. జట్టు మళ్లీ నింపేదాకా కొత్త పేరు తీసుకోరు. చెల్లింపులన్నీ బ్యాంకు ద్వారానే. రెండు లక్షలు, ఆ పైన నగదుగా పుచ్చుకోవడం ఎలాగూ చట్టం ఒప్పుకోదు. మీరు ఇంకా కిందకి, ఐదు వేలకి దించండి.

యజమాని సొంత సంస్థ స్పాన్సర్‌షిప్ గొడవ మీకు దాదాపు పోతుంది. మీరు కొలుస్తున్నది ఆదాయాన్ని కాదు, ఖర్చుని. వెంచర్ పది లక్షలిచ్చినా, చేబదులు ఇచ్చినా, బయటికి పోగలిగింది ఎనిమిదే. ఆదాయంలో శాతం పెట్టి ఉంటే మీ కమిటీ ప్రతి చొక్కాకీ వెల కట్టాల్సి వచ్చేది.

దొంగదారి ఇంకోటి ఉంటుంది: ఆటగాడి తమ్ముణ్ణి యజమాని అపార్ట్‌మెంట్ ఆఫీసులో సూపర్‌వైజర్‌గా పెట్టుకుంటారు. యజమాని, అతని కుటుంబం, వాళ్ల సంస్థలు, అటు ఆటగాడు, అతని కుటుంబం, ఈ రెండు వైపుల మధ్య ఆ సీజన్‌లో జరిగిన ఏ చెల్లింపైనా ప్రకటించాలని రాయండి. ప్రకటిస్తే లెక్కలోకి, దాస్తే శిక్ష రెట్టింపు.

తనిఖీ రెండుసార్లు. ఎనిమిది జట్లు ఇంటా బయటా ఆడితే ఒక్కో జట్టుకి 14 మ్యాచ్‌లు. ఏడో మ్యాచ్ తర్వాత ఒకటి, పన్నెండో మ్యాచ్ తర్వాత ఒకటి. బ్యాంకు స్టేట్‌మెంట్, సీఏ సర్టిఫికెట్. సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ (ప్రతి సర్టిఫికెట్‌కీ విడిగా ఉండే గుర్తింపు) నంబర్ ఉందో లేదో, ఐసీఏఐ (సీఏల సంస్థ) పోర్టల్‌లో కొట్టి చూడండి, రెండు నిమిషాల పని. నంబర్ లేని సర్టిఫికెట్ చిత్తుకాయితమే. ప్రతి తనిఖీలో చీటీలు తీసి ముగ్గురు ఆటగాళ్ల ఖాతాల్లో నిజంగా డబ్బు పడిందో చూడండి.

శిక్ష. ప్రీమియర్ లీగ్‌లో 38 మ్యాచ్‌లకి గరిష్ఠం 114 పాయింట్లు, అందులో 6 అంటే ఐదు శాతం పైన. మీకు గరిష్ఠం 42, దానికి 2 దాదాపు సమానం. అందుకని పరిమితి 5 శాతం లోపు దాటితే దాటినంతా జరిమానా. 5 పైన 10 దాకా 2 పాయింట్లు. ఆ పైన ప్రతి 5 శాతానికీ ఒకటి. తనిఖీకి ముందే చెప్పుకుంటే ఒకటి తగ్గింపు. జరిమానా ఒక్కటే ఉంటే రియల్ ఎస్టేట్ వాళ్లు దాన్ని టికెట్ ధర అనుకుని కట్టేస్తారు, అందుకే పాయింట్లు ఉండాలి.

తీర్పు చెప్పేవాళ్లు ముగ్గురు: ఒక సీఏ, ఒక లాయరు, ఒక మాజీ రిఫరీ. ఎవరికీ ఏ జట్టుతోనూ చుట్టరికం ఉండకూడదు, మన ఊళ్లలో ఇదే కష్టం. కావాలంటే ఒంగోలు నుంచో ఏలూరు నుంచో పిలవండి. నిర్ణయం మూడు రోజుల్లో, అప్పీలు వేరే ఇద్దరి ముందు, అది మూడు రోజుల్లో. అంతా చివరి మ్యాచ్‌కి ముందు తేలాలి. పన్నెండో మ్యాచ్‌కీ పదమూడో మ్యాచ్‌కీ మధ్య వారం ఖాళీ ఇప్పుడే షెడ్యూల్‌లో పెట్టుకోండి.

లెస్టర్ పాఠం మర్చిపోకండి: "ఈ సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడినా, తర్వాత జట్టు తప్పుకున్నా, పేరు మార్చుకున్నా, యజమాని మారినా ఈ నిబంధనల కింద విచారణకి లోబడి ఉంటుంది." ఈ వాక్యం యథాతథంగా పెట్టండి. డిపాజిట్ కూడా సీజన్ ముగిసిన 30 రోజులకి గానీ వెనక్కి ఇవ్వకండి.


కృష్ణలంక_లెఫ్ట్‌బ్యాక్ (విజయవాడ)

అంతా బాగుంది గానీ గాయాలు? పదో మ్యాచ్‌లో ఉన్న ఒక్క గోల్‌కీపర్ చెయ్యి విరిగితే, అప్పటికే ఎనిమిది లక్షలూ అయిపోయిన జట్టు ఏం చెయ్యాలి? వద్దంటే స్ట్రైకర్ గ్లవ్స్ వేసుకుంటాడు. సరేనంటే ఓల్మో కథే, ప్రతివాడూ డాక్టర్ సర్టిఫికెట్ పట్టుకొస్తాడు.


గవర్నర్‌పేట_ఆడిటరు (విజయవాడ)

గోల్‌కీపర్‌కి మాత్రమే మినహాయింపు ఇవ్వండి, అదీ అత్యవసరంగా. సర్టిఫికెట్ లీగ్ నియమించిన డాక్టరుదే చెల్లుతుంది. బదులు వచ్చేవాడికి గాయపడ్డవాడి మిగిలిన మ్యాచ్ ఫీజుకి మించి ఇవ్వకూడదు. గాయపడ్డవాడు ఆ సీజన్‌లో మళ్లీ ఆడకూడదు. ఈ మూడో షరతు పెడితే దొంగ గాయాలు వాటంతటవే మానిపోతాయి. మిగతా స్థానాల్లో ఎవరికి దెబ్బ తగిలినా 18 మందిలోంచే సర్దుకోవాలి. గాయపడ్డవాడి నెల జీతం మాత్రం ఆపకూడదు, అది కాంట్రాక్టు నమూనాలో విడిగా రాయండి.


బ్రాడీపేట_4/14 (గుంటూరు)

రాసుకున్నాను. మూడేళ్ల నష్టం వాక్యం కొట్టేశాను. డిపాజిట్ 1,60,000 అంటే తెనాలి జట్టు గోల చేస్తుంది, రెండు విడతలుగా తీసుకోవచ్చా?


లక్ష్మీపురం_లెడ్జర్ (గుంటూరు)

తీసుకోవచ్చు, రెండో విడతకి గేటు ఉంటే. మొదటి 80,000 కట్టాక తొమ్మిది మంది ఫారాలు తీసుకోండి. మిగతా తొమ్మిది రెండో 80,000 పడ్డాకే. తొమ్మిది మందితో మ్యాచ్ మొదలుపెట్టాలని ఏ జట్టూ అనుకోదు, డబ్బు సమయానికే వస్తుంది.